నిప్పు కోసం వచ్చిన ముసలమ్మ

"ఇది ఆ పిల్ల రాసింది కాదు," అంది జెస్, రెండు కాగితాలు నా చేతిలో పెడుతూ. "మీరు ఎంతోమంది పిల్లల రాతలు చూసి ఉంటారు. చదివి మీరే చెప్పండి."

సిడ్నీ శివార్లలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఒక ప్రైమరీ స్కూలు లైబ్రరీలో కూర్చుని ఉన్నాం. లంచ్ గంట కొట్టగానే పిల్లలందరూ టోపీలు పెట్టుకుని బయటికి పరిగెత్తారు. జెస్ ఐదో తరగతి టీచరు, నా కూతురి కంటే చిన్నది. నేను ఇంగ్లీషులో పిల్లల పుస్తకాలు రాస్తాను. వాటిని పట్టుకుని బళ్ళకు వెళ్ళి పిల్లల చేత కథలు రాయించడం చాలా ఏళ్ళుగా నా పని. కొన్ని బళ్ళవాళ్ళు ఒకసారి పిలిచి ఊరుకుంటారు, కొందరు మళ్ళీ రమ్మంటారు. ఈ బడికి నేను రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు, బడికి వచ్చే దారిలో మీకు భయం వేసేది ఏమిటి అని అడిగి, దాని మీద కథ మొదలుపెట్టమన్నాను. ఆద్య అనే పిల్ల కిటికీ పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి గోడలా అడ్డం పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా రాయడం నాకు గుర్తుంది. పేరు చూసి మనవాళ్ళ పిల్లేమో అనుకున్నాను కూడా. కథను ఇంటి దగ్గర పూర్తిచేసి, టైపు చేసి తెమ్మన్నారు. అన్నీ కలిపి బడి తరఫున ఒక చిన్న పుస్తకం వేస్తారట.

ఆద్య కథ మ్యాగ్‌పై గురించి. వసంతం వచ్చిందంటే గూట్లో పిల్లల్ని కాపాడుకోవడానికి దారిన పోయేవాళ్ళ నెత్తి మీదికి దూసుకొచ్చే నలుపు తెలుపు పిట్ట అది. ఈ దేశంలో పెరిగిన పిల్లలందరికీ దానితో ఒక తగాదా ఉంటుంది. కథ చదివాను. ప్రతి వాక్యమూ ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. పదేళ్ళ పిల్ల నోట ఎప్పుడూ పలకని మాటలు వరసగా నిలబడి ఉన్నాయి. నాకూ అనుమానం వచ్చింది, రాలేదని అంటే అబద్ధం.

"కంప్యూటర్‌ని అడిగి రాయించుకుంది," అంది జెస్. "వాళ్ళమ్మని రమ్మన్నాను. లంచ్ అయ్యేలోపు వస్తుంది. నేను ఆద్యను ఒకటే అడుగుతాను. వేర్ డిడ్ యు గెట్ దిస్?"

 సరిగ్గా ఆ మాటలతోనే నన్నూ ఒకసారి అడిగారు. అప్పుడు నాకూ ఇంచుమించు ఆద్య వయసే.

అప్పట్లో మేము సిడ్నీలో లేము. సిడ్నీకి పడమటగా, కొండలు దాటి చాలా దూరం పోతే గోధుమ చేల మధ్య ఒక ఊరు ఉండేది. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. నాన్న, అమ్మ, నేను, నాన్నను కన్న నాయనమ్మ. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళం మేము నలుగురమే. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన ఇల్లు రేకుల కప్పుది. ఎండాకాలం మధ్యాహ్నం పూట ఆ రేకులు టపటపమని చప్పుడు చేసేవి. ముందు తలుపుకు ఈగలు రాకుండా సన్నటి జల్లెడ తలుపు ఇంకొకటి. ఎవరైనా వస్తే దాని వెనక నీడలాగా కనిపించేవాళ్ళు తప్ప మొహం తెలిసేది కాదు. నాయనమ్మకు ఆ తలుపు చూస్తే మంట. "మనిషి మొహం మనిషికి కనపడకుండా ఇదేం తలుపే, జల్లెళ్ళో పోసి చూసుకుంటారా మనుషుల్ని?" అనేది.

ఇంట్లో వంట నాయనమ్మదే. అమ్మ ఊరి గ్రంథాలయంలో పని చేసేది, అదీ నాయనమ్మకు ఇష్టం లేదు, కానీ ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. నాయనమ్మ పొద్దున్నే స్నానం చేసి, చీర మీద నాన్న పాత స్వెటరు తొడుక్కుని, కాళ్ళకు నాన్న మేజోళ్ళు వేసుకుని పొయ్యి దగ్గరికి వచ్చేది. పొయ్యి అంటే కరెంటు పొయ్యి, ఇనప చుట్టలు ఎర్రగా కాలేవి. "మంట కనపడకుండా వంటేంది?" అని దానితో రోజూ ఒకసారి పోట్లాడేది. కందిపప్పు దొరక్క, అక్కడ సూప్‌కి వాడే పచ్చ బఠాణీ పప్పు ఉడకబెట్టి పోపు పెట్టేది. గోంగూర లేదని రూబార్బ్ అనే పుల్లటి ఎర్ర కాడలు కోసి, ఎండుమిరపకాయలు వేయించి, రోలు లేక గాజు సీసా అడుగుతో నూరి పచ్చడి చేసేది. ఆ మిరపకాయల ఘాటు వీధి చివరిదాకా పోయేది. పక్కింటి మిసెస్ డన్ జల్లెడ తలుపు దగ్గరికి వచ్చి, ముక్కుకు రుమాలు పెట్టుకుని, ఆరేసిన దుప్పట్లకు వాసన పట్టిందని చెప్పి పోయేది. నాయనమ్మ ఆమె మాటలకు తలాడించి, మర్నాడు మళ్ళీ అంతే మిరపకాయలు వేయించేది.

సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి, నాయనమ్మ వంటింటి గచ్చు మీద కాళ్ళు చాపుకుని, స్టీలు పళ్ళెంలో పప్పు పోసుకుని ఏరుతూ ఉండేది. ఈ దేశం పప్పులో రాళ్ళు ఉండవు. సంచీ విప్పితే అద్దంలా ఉంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా రోజూ ఏరేది. ఆ వేళ్ళు పళ్ళెంలో పప్పును అటూ ఇటూ తోస్తూ ఉంటే ఆ చప్పుడుకే కథ మొదలయ్యేది. రాజులు, రాకాసులు అన్నీ అయిపోయాక, ఆ చలికాలం ఒక కొత్త కథ పట్టుకుంది. ఒక ముసలమ్మ రైలెక్కి ఎవరూ తెలియని ఊరు వచ్చింది. పొయ్యి రాజేద్దామంటే ఇంట్లో నిప్పు లేదు. మన ఊళ్ళల్లో వెనకటి రోజుల్లో అడిగినట్టు, పిడక పట్టుకుని పక్కింటికి నిప్పు అడగబోయింది. "మా ఇంట్లో నిప్పు లేదమ్మా, కరెంటు మీట ఉంది" అన్నారు ఆ ఇంటివాళ్ళు. ఇంకో ఇంటికి పోయింది. అక్కడా మీటే. రోజుకో ఇల్లు, ఇంటికో తలుపు. ఒక ఇంట్లో కుక్క మాట్లాడేది, ఒక ఇంట్లో మనుషులు పలకకుండా గోడ మీది గడియారం పలికేది. చివరకు ఏమయిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. "రేపు" అనేది. మర్నాడు ముసలమ్మ ఇంకో గుమ్మం ముందు నిలబడేది.

ఆ చలికాలంలోనే మా బడికి ఒక రచయిత్రి వచ్చింది. ఆమె పేరు మిసెస్ కోల్. ఆ చుట్టుపక్కల బళ్ళన్నీ తిరుగుతూ మా ఊరి హోటల్లో దిగింది. పుస్తకాలు రాసేవాళ్ళు బతికి ఉంటారని, వాళ్ళకూ జలుబు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మాటిమాటికీ ముక్కు చీదుకుంటూనే మా అందరి చేతా కథలు రాయించింది. ఆ పూటంతా నేను తల ఎత్తలేదు. నాకు అప్పటికి ఇంగ్లీషు రాయడం వచ్చు. మాట్లాడాలంటే నాలుక మడత పడేది. క్లాసులో నన్ను సుభద్ర అనలేక సూ అనేవాళ్ళు, ఆ పేరుకు పలికేదాన్ని, అంతకు మించి పెద్దగా నోరు విప్పేదాన్ని కాదు. అందుకని మా టీచరు మిస్టర్ హారిగన్‌కు నాకు భాష రాదనే నమ్మకం.

మర్నాడు ఆయన నన్ను బల్ల దగ్గరికి పిలిచి, నా కథ ముందు పెట్టి, వేర్ డిడ్ యు గెట్ దిస్ అని అడిగారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. క్లాసంతా చూస్తోంది.

"మా నాయనమ్మ," అన్నాను.

"అయితే మీ నాయనమ్మ రాసిందా?"

"కాదు."

"నువ్వే రాశావా?"

 అక్షరాలు నావి. ముసలమ్మ నాయనమ్మది. నిజం చెప్పాలంటే రెండూ చెప్పాలి, ఆ రెండూ ఒక్క మాటలో చెప్పే ఇంగ్లీషు నా దగ్గర లేదు. తల అడ్డంగా ఊపాను. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. ఎవరి పుస్తకంలోంచో దించానని, అది దొంగతనం లాంటిదని, మీ నాన్నగారితో మాట్లాడాలని అన్నారు. వెనక బల్ల నుంచి ఎవరో "చీట్" అన్నారు.

ఆ మాట ఇంటికి నాకంటే ముందే చేరింది. హారిగన్ ఆసుపత్రికి ఫోన్ చేశారు. నాన్న ఆ రోజు మామూలుకంటే ముందే ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నాన్న ఇంట్లో బూట్లతో నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

"ఈ ఊళ్ళో మనల్ని ఎట్లా చూస్తారో తెలుసా నీకు?" అన్నారు నాతో. గొంతు పెంచలేదు. "నేను ఒక మందు రాసిస్తే ఇంకో డాక్టర్ని కూడా అడిగి గానీ మింగరు. ఇప్పుడు మన పిల్ల కాపీ కొట్టిందని అనిపించుకోవాలా? ఎక్కడ చూసి రాశావో చెప్పు."

"నాయనమ్మ చెప్పింది," అన్నాను.

నాన్న నాయనమ్మ వైపు చూశారు. ఆమె పప్పు పళ్ళెం మీద నుంచి తల ఎత్తలేదు. "చెప్పానురా. నా నోటికొచ్చింది నేను చెప్పుకున్నా. అది నేరమా?"

"నువ్వెక్కడ విన్నావు ఆ కథ?"

"ఎక్కడా వినలా. ఈ గచ్చు మీద కూచునే అల్లుకున్నా."

నాన్నకు నమ్మకం కుదరలేదు. ఆయనకు తన తల్లి కథలు అల్లగలదని తెలియదు. చిన్నప్పుడు తనకు చెప్పింది కాదట, అప్పుడామెకు అంత తీరిక ఎక్కడిది. "అయితే నువ్వే వచ్చి చెప్పు ఆ మాట," అన్నారు. ఆ మాట విసురుగా అన్నారు, ఆమె రాదనే ధైర్యంతో. ఆ ఊరు వచ్చాక నాయనమ్మ ఆ వాకిలి దాటి ఎక్కడికీ పోలేదు. ఆమె పళ్ళెం పక్కన పెట్టి, "వస్తా" అంది.

శుక్రవారం రమ్మన్నారు. ఆ రోజు వచ్చేదాకా కథ ఆగిపోయింది. నాయనమ్మ పప్పు ఏరేది, నేను ఎదురుగా కూర్చునేదాన్ని, పళ్ళెంలో చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అమ్మ నా తల దువ్వుతూ, "ఏం ఫర్లేదు" అనేది, కానీ దువ్వెన లాగే తీరులో అంత ధైర్యం ఉండేది కాదు. బడిలో ఎవరూ నా పక్కన కూర్చోలేదు.

శుక్రవారం నాయనమ్మ పట్టుచీర కట్టుకుంది. స్వెటరు వద్దంది. బయట మంచు ఇంకా గడ్డి మీద తెల్లగా ఉంది, చలికి ఆమె చేతులు నల్లబడ్డాయి, అయినా వద్దంది. హెడ్మాస్టరు గదిలో హారిగన్, మిసెస్ కోల్ కూర్చుని ఉన్నారు. ఊరు వదిలి వెళ్ళే ముందు సంగతి తేల్చమని హారిగనే ఆమెను పిలిపించారట. నాన్న కుర్చీ అంచు మీద కూర్చున్నారు, చేతులు మోకాళ్ళ మీద. నన్ను నిలబెట్టారు.

మిసెస్ కోల్ నా కథను మెల్లగా చదివింది. ఒక్కో ముక్క చదివి ఆగితే నాన్న దాన్ని తెలుగులో చెప్పేవారు. మొదట్లో నాయనమ్మ కళ్ళు మూసుకుని వింది. కుక్క మాట్లాడిన చోట నవ్వింది కూడా. చివరికొచ్చేసరికి ముఖం మారింది. కళ్ళు తెరిచి, "ఇది నేను చెప్పలా. ఇది నాది కాదు," అంది.

"తనది కాదంటోంది," అన్నారు నాన్న ఇంగ్లీషులో. గొంతు మెల్లగా వచ్చింది. హారిగన్ తల పంకించి, కుర్చీలో వెనక్కి వాలారు. తేలిపోయింది అన్నట్టు.  నాయనమ్మ నన్ను వదిలేసిందని అనుకున్నాను.

"ఏది తనది కాదో అడగండి," అంది మిసెస్ కోల్.

నాన్న అడిగారు. "ముసల్ది నాదేరా. ఇళ్ళు నావే, కుక్క నాదే. ఆ చివర మాత్రం నాది కాదు. మా ముసల్దానికి ఎవరూ నిప్పు ఇవ్వలా."

నా కథ చివర్లో ముసలమ్మ వేసారిపోయి చీకట్లో, చల్లటి పొయ్యి ముందు కూర్చుంటుంది. పొగ రాకపోవడం చూసి, ఎవరింట్లో పొగ వచ్చినా పోట్లాడే పక్కింటావిడ తలుపు తట్టి, ఏమైందని అడుగుతుంది. జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఇస్తుంది. మిసెస్ కోల్ నా వైపు తిరిగింది. "ఆ పక్కింటావిడ ఎవరు?"

"మిసెస్ డన్," అన్నాను. అందరూ నన్నే చూస్తుంటే గబగబా చెప్పేశాను, తప్పులతోనే. నాయనమ్మకు జ్వరం వచ్చి వంటింట్లోకి రాని రోజు, ఘాటు రాలేదేమని మిసెస్ డన్ జల్లెడ తలుపు దాకా వచ్చి తొంగి చూసి పోయిందని చెప్పాను. రుమాలు లేకుండా వచ్చిందని కూడా చెప్పాను.

హారిగన్ ఒక్కసారిగా నవ్వారు. ఆయనకు మిసెస్ డన్ బాగా తెలుసు, ఆమె కొడుకులకూ ఆయనే పాఠాలు చెప్పారు. "అది ఆమే. అచ్చం ఆమే," అన్నారు. ఏ పుస్తకంలోనూ మిసెస్ డన్ ఉండదని ఆయనకు అర్థమైంది. అంతటితో ఆ గదిలో పని అయిపోయింది. మేము లేచి వచ్చేయవచ్చు. కానీ మిసెస్ కోల్ ఊరికే, ఇష్టంగా, ఇంకొకటి అడిగింది. "మరి ఆవిడ కథలో చివరకు ఏమవుతుంది?"

నాన్న అడిగారు. నాయనమ్మ కొంగు సర్దుకుంది.

"ఏముంది? కొన్నాళ్ళు చూసింది. అక్కడుంటే చలికే పోతానని తెలిసింది. పొయ్యి ఒకసారి తుడిచి, తలుపు దగ్గరికేసి, వచ్చిన రైలే ఎక్కి పోయింది."

నాన్న ఆమె వైపే చూస్తూ ఉండిపోయారు. మిసెస్ కోల్ ఎదురుచూస్తోంది.  నాన్న ఇంగ్లీషులో, "ముసలమ్మకు నిప్పు దొరికింది. అందరూ సుఖంగా ఉన్నారు," అన్నారు.

"కాదు," అన్నాను. నాకు తెలియకుండానే ఇంగ్లీషులో వచ్చేసింది. "అట్లా అనలేదు. వెళ్ళిపోయింది అంది. చలికి చచ్చిపోతానని తెలిసి, రైలెక్కి వెళ్ళిపోయింది అంది."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నన్ను మందలించలేదు. మిసెస్ కోల్ నాయనమ్మ మొహంలోకి చూసింది. నాయనమ్మ ఒక్కతే తాపీగా, "ఏమన్నావే?" అంది నాతో. "నువ్వన్నదే చెప్పా," అన్నాను. ఆమె తలాడించింది.

 ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న పెరుగు కలుపుకుంటూ, తల ఎత్తకుండా, "అమ్మా, నీకు వెళ్ళిపోవాలని ఉందా?" అన్నారు. "కథ గదరా," అంది నాయనమ్మ, ఆయన కంచంలో ఇంకాస్త పెరుగు వేస్తూ. ఆయన మళ్ళీ అడగలేదు. ఆమె మళ్ళీ చెప్పలేదు. ఎండాకాలం వచ్చాక, తెనాలిలో ఉన్న మా అత్తయ్య దగ్గరికి ఆమెను పంపించారు. నాన్నే తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చారు. బయల్దేరే రోజు మిసెస్ డన్ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. ఇద్దరూ చెరో భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఇంట్లో అమ్మ వంట చేసింది. పప్పు సంచీ విప్పి నేరుగా కడిగేసేది. నా సాయంత్రాలు ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు. అప్పుడే, చెప్పేవాళ్ళు లేక, రాయడం మొదలుపెట్టాను.

నేను పెద్దదాన్నయ్యాక నాన్న ఒకసారి అన్నారు, తనకు ఆ రోజు నామీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదని, నేను నోరు మూసుకుని ఉంటే ఆమె ఆ చలిలోనే నోరు మూసుకుని పోయేదని. రెండూ ఒకే వాక్యంలో అన్నారు. తెనాలిలో ఆమె చాలాకాలం బతికింది. నేను వెళ్ళి చూసినప్పుడు ఎండలో కూర్చుని ఉంది, చుట్టూ అత్తయ్య మనవలు. నన్ను పరాయిదాన్ని చూసినట్టే చూసి, తర్వాత పోల్చుకుంది.

ఎడ్మండ్‌సన్ పార్క్ లైబ్రరీలో ఆద్యవాళ్ళ అమ్మ వచ్చేసరికి నేను ఇంకా ఆ కాగితాలు పట్టుకునే ఉన్నాను. ఆమె పేరు శిరీష. పరమట్టాలో ఏదో ఫైనాన్స్ కంపెనీలో పని, మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతోంది. వెనకాలే ఆద్య, టోపీ చేతుల్లో నలుపుకుంటూ. జెస్ ఆ ప్రశ్న అడగనే అడిగింది. ఆద్య కళ్ళు నేల మీదికి దిగిపోయాయి.

"మీరు తెలుగే కదా ఆంటీ?" అంది శిరీష నాతో, ఊపిరి తీసుకోకుండా. "మీ పేరు పోస్టర్‌లో చూశా. అది చీటింగ్ చేసే పిల్ల కాదండీ. నేనే చెప్పా, సబ్మిట్ చేసే ముందు ఒకసారి కంప్యూటర్‌లో చెక్ చేయించమని. మిస్టేక్స్ ఉంటే మనోళ్ళకి ఇంగ్లీష్ రాదనుకుంటారని నా భయం. ఆ కంప్యూటరేమో మొత్తం మార్చేసింది. చదివితే నీట్‌గానే ఉంది కదా, పంపించేయ్ అన్నా." వెంటనే జెస్ వైపు తిరిగి అదంతా ఇంగ్లీషులో చెప్పింది. ఏమీ దాచుకోలేదు.

జెస్ ఇబ్బందిగా కదిలింది. రూలు రూలేనని, దీన్ని పుస్తకంలో వేయలేమని అంది. ఆద్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇట్స్ స్టిల్ మై స్టోరీ," అంది నేల వైపు చూస్తూనే.

ఎవరినీ నిలబెట్టి మాట్లాడించడం నాకు నచ్చదు. నేనే వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా కింద తివాచీ మీద కూర్చున్నాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. "నువ్వు రాసినదాంట్లో ఉండి, ఇప్పుడు ఇందులో లేనిదేమిటి?" అని ఇంగ్లీషులో అడిగాను.

ఆలోచించనైనా లేదు. "మమ్," అంది. "మమ్స్ నాట్ ఇన్ ఇట్ ఎనీమోర్."

శిరీష చేతిలో ఫోన్ మోగుతోంది. చూసుకోలేదు. "నేనా?" అంది.

ఆద్య ముక్కు తుడుచుకుని చెప్పుకొచ్చింది. బడికి వచ్చే సందులో మ్యాగ్‌పై అందరినీ పొడుస్తుందట. పిల్లలు నెత్తి మీద ఐస్‌క్రీమ్ డబ్బాలు పెట్టుకుని పరిగెడతారట. వాళ్ళమ్మ మాత్రం పరిగెత్తదట. చెట్టు కింద ఆగి, పిట్టతో మాట్లాడుతుందట. ఏం మాట్లాడుతుందో చెప్పడానికి ఆద్య తెలుగులోకి దిగింది, కాస్త ఆస్ట్రేలియా యాసతో, కానీ తల్లి గొంతు అచ్చంగా దించేసింది. "ఏవమ్మా, పిల్లలు బాగున్నారా? నాకూ ఒక్కతే పిల్లమ్మా. దాన్ని పొడవబాకు." ఆ మాటలను కంప్యూటర్ తప్పులనుకుని తీసేసిందట. వాటితోపాటే అమ్మ కూడా పోయింది.

"నేను రోజూ అట్లా అంటానా?" అంది శిరీష.

"ఎవ్రీ డే, అమ్మా. ఇట్స్ సో ఎంబరాసింగ్."

జెస్‌కు ఆ తెలుగు ముక్క అర్థం కాలేదు. అడగలేదు కూడా. "క్లాసులో నువ్వు చేత్తో రాసింది ఉందా?" అంది ఆద్యతో. ఉందని, తన ట్రేలోనే ఉందని ఆద్య అంది. "అయితే అదే పూర్తిచేసి వేద్దాం. స్పెల్లింగులు మనిద్దరం కూర్చుని చూద్దాం," అంటూ జెస్ తీసుకురావడానికి లేచింది.

శిరీష ఆరేళ్ళ పిల్లలు కూర్చునే చిన్న కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది. ఆ హెడ్మాస్టరు గదిలో మా నాన్న కుర్చీ అంచు మీద కూర్చున్న తీరు నా కళ్ళ ముందు ఆడింది. ఆయనకు తన తల్లి చెప్పింది పూర్తిగా వినే ధైర్యం ఆ రోజు చాలలేదు. ఆయన తప్పు కాదది, ఆ ఊళ్ళో ఆయనకు అన్నీ భయాలే. శిరీషకూ భయాలు ఉన్నాయి, ఆఫీసు కార్డు మెడలో వేసుకుని పరిగెత్తుకొచ్చిన మనిషి. కానీ ఫోన్ నోరు నొక్కి పక్కన పెట్టి, కూతురి వైపు వంగింది.

"మొదటి నుంచి చెప్పు," అంది. "నేను ఇంకా ఏమేమన్నానో అన్నీ చెప్పు."